రెక్కలు కొలిచే అపొరోసా బావ

మా అపొరోసా బావ మనిషి కనిపిస్తే ముందు చెయ్యి కొలుస్తాడు. పలకరింపు ఆ తరవాత.

చెయ్యి చూసి జాతకం చెబుతాడనుకునేరు. అదేం కాదు. ఎండిన మొగలాకు పట్టె ఒకటి తీసి, ఎదుటివాడి భుజం ఎముక మీద ఒక కొస ఆనించి, చెయ్యి వెంట జార్చుకుంటూ వచ్చి, మణికట్టు దగ్గర పళ్లతో పుటుక్కున తుంచి, ఆ ముక్కను జేబులో వేసుకుంటాడు. కొత్తవాళ్లు కరుస్తాడేమోనని చెయ్యి వెనక్కి లాక్కునేవాళ్లు. పని పూర్తయ్యాక తీరిగ్గా మొహంలోకి చూసి అడిగేవాడు: "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎంతమంది? అందరూ ఒకే పళ్లెంలో తినేవాళ్లా, ఎవరి పళ్లెం వాళ్లదేనా?"

బస్సు డ్రైవరుని కొలిచాడు, బస్సు నడుస్తుండగా. ప్రార్థన ముగించి మెట్లు దిగుతున్న పాస్టరుని కొలిచాడు. ఒకసారి ఏదో కోళ్ల దొంగతనం కేసులో సాక్ష్యానికి వెళ్లి, కోర్టు వరండాలో దొంగనీ వాడి పక్కనున్న పోలీసునీ ఇద్దర్నీ కొలిచి, "మీ ఇద్దరూ ఒకే పళ్లెంలో పెరిగారా ఏంటి, ముక్కకి ముక్క సరిపోయింది" అన్నాడు. తీరా చూస్తే ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలే. ఆ సంగతి అప్పటిదాకా జడ్జిగారికి తెలియదు. కేసు వాయిదా పడింది.

ఇంత జరుగుతున్నా ఆయన్ని ఎవరూ కొట్టకపోవడానికి కారణం మా మర్యాదే. మాలో ఎదుటివాడి తల దరిదాపులకి చెయ్యి పోనివ్వడం తప్పు. పోనివ్వక తప్పకపోతే వంగి "తిలౌ" అనాలి. క్షమించండి అన్నట్టు. అంత వినయంగా అడిగినవాణ్ణి కాదనడం ఇంకా పెద్ద తప్పు. బావ "తిలౌ" అనే తీరులో ఎంత తేనె ఉండేదంటే, విన్నవాడు "ఫరవాలేదండీ" అని నోరు తెరిచేలోపు పట్టె తెగిపోయి ఉండేది.

ఆయన నాకు మేనత్త కొడుకు. మా దగ్గర బావా బావమరుదులంటే ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, అనుకోకపోతేనే ఏదో గొడవ జరిగిందని ఊరు అనుమానిస్తుంది. అందుకని నేను ఆయన్ని ఏమన్నా చెల్లేది. ఆయన నన్ను ఏమన్నా చెల్లేది. ఎక్కువగా ఆయనదే చెల్లేది.

ఈ కొలతల జబ్బు ఆయనకి దోమల వల్ల పట్టుకుందని అందరి నమ్మకం. మా దీవుల రాజధాని సువా ఊరి చివర, మడచెట్ల పక్కన, రేకుల కప్పు కింద మేమిద్దరం దోమల్ని పెంచేవాళ్లం. ఆయన చదువుకున్న శాస్త్రజ్ఞుడు, నేను ఆయన చేతికింద మనిషిని. జనం ఆ చోటుని దోమలిల్లు అనేవాళ్లు. లోకమంతా దోమల్ని చంపుతుంటే మీరు మేపడమేమిటని మా ఆవిడ పెళ్లయిన కొత్తలో చాలా రోజులు నవ్వింది. ఇప్పుడూ నవ్వుతుందిగానీ కాస్త అలిసిపోయింది.

మా పని ఇదీ. దోమ గుడ్లు నీళ్లలో పొదిగితే సన్నగా మెలికలు తిరిగే పిల్లలు వస్తాయి. కొన్నిటిని పళ్లెంలో పలచగా వదిలి వేళకి మేత వేస్తాం. కొన్నిటిని అదే కొలత పళ్లెంలో కిక్కిరిసేలా పోసి చిటికెడు మేత విదిలిస్తాం. రెక్కలొచ్చాక రెండు రకాలకీ, తాళం వేసిన లోపలి గదిలో, డెంగీ వైరస్ కలిపిన రక్తం ఒకేలా పడతాం. తరవాత వైరస్ ఎవరికి అంటింది, ఎవరికి అంటలేదు అని చూస్తాం. ఇరుకులో అర్ధాకలితో పెరిగినవి నలుసుల్లా, పొట్టి రెక్కలతో తయారయ్యేవి. వైరస్ కూడా వాటికే తొందరగా పట్టుకునేది. మా పళ్లాల్లో మాకు పదే పదే కనిపించింది ఇదే.

"ఎందుకలాగ బావా?" అని అడిగాను ఒకసారి.

"కడుపు గోడ పల్చగా ఉండి దారిస్తుందని కొందరంటారు. ఆ గోడ పక్కన నేను కాపలా కూర్చున్నానా ఏంటి? నాకు తెలిసింది రెక్క ఒక్కటే. రెక్క అబద్ధం చెప్పదు. పెద్దయ్యాక ఎంత మేపినా దాని పొడవు మారదురా. నీళ్లలో ఉన్నన్నాళ్లు ఎలా పెరిగిందో అదే దాని పుట్టుమచ్చ."

"సరే, దోమకి రెక్క కొలిచావు. మనుషులకి చేతులెందుకు కొలుస్తావు?"

"మనుషులకి రెక్కల్లేవుగా" అన్నాడు, అంత తెలివితక్కువ ప్రశ్న నేను ఎలా అడగగలిగానా అన్నట్టు చూసి.

దోమలిల్లులో ఆయనకి కుట్టు మిషను కూడా ఉండేది, కాలితో తొక్కేది. దోమల పంజరానికి ఒక పక్క గుడ్డతో చేసిన చొక్కా చెయ్యిలాంటి తొడుగు ఉంటుంది. అందులోంచి మన చెయ్యి లోపలికి పోవాలి, లోపలి దోమ మాత్రం బయటికి రాకూడదు. ఆ తొడుగులు ఆయన స్వయంగా కుట్టేవాడు. ఆయన చొక్కాకి రెండు గుండీలు ఎప్పుడూ ఉండేవి కావు గానీ, దోమ పంజరం తొడుగుకి మాత్రం రెండు వరసల కుట్టు పడాల్సిందే. వైరస్ సోకని దోమలకి తన చెయ్యే ఆ తొడుగులోంచి పెట్టి, పాటలు పాడుకుంటూ రక్తం పట్టేవాడు.

"ఈ గదిలో ఉన్నవన్నీ నా రక్తం పంచుకున్నవేరా ఎరోనీ. అంటే మనకి చుట్టాలే."

"నీకు చుట్టాలు. నాకు వరస కలవదు."

"ఎందుక్కలవదు, నీకు మేనల్లుళ్లవుతారు. నీ చెయ్యి కూడా పెట్టరా, మేనమామ ముద్ద పెడితే పిల్లలకి మంచిది."

కొన్నాళ్లకి ఆయన మిషను పక్కన మందారప్పూల గుడ్డ తానులు పేరుకోవడం మొదలైంది. ఎర్ర పూలవి, నీలం పూలవి. "పంజరం తొడుక్కి పూలగుడ్డ ఎందుకు బావా?" అంటే, "వాటికీ కళ్లున్నాయి కదరా" అన్నాడు. నేను నమ్మాను. ఆయన గురించి ఏదైనా నమ్మొచ్చు.

ఇక ఆ మొగలాకు ముక్కలు ఏం చేస్తున్నాడన్నది ఊరికి పెద్ద చర్చ. సాయంత్రాలు యంగోనా అనే వేరురసం గిన్నె చుట్టూ కూర్చుని, కొబ్బరి చిప్ప చేతులు మారుతుండగా, తలొకటి చెప్పేవాళ్లు. చాప అల్లుతున్నాడని మా ఆవిడ. పొయ్యి రాజేసుకుంటున్నాడని పక్కింటాయన. పాస్టరుగారైతే ఒకసారి మెల్లిగా నా చెవిలో, "కొంపదీసి నన్ను కొలిచిన ముక్క మీద ఏ మంత్రమో వేయడు కదా?" అన్నారు.

"వేస్తే మీ ప్రసంగం కాస్త పొట్టిదవుతుందేమో చూద్దాం పాస్టరుగారూ" అన్నాడు వెనకనుంచి బావ. ఆయన అక్కడే ఉన్నాడని మేము చూసుకోలేదు.

కొలతలన్నిటిలో ఎక్కువ కొలతలు వైతోంగోలో తీసేవాడు. మడచెట్ల అవతల, వాగు పోటూ పాటూ తగిలే చోట, రేకుల ఇళ్ల పల్లె అది. కుళాయి దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తుంది కనక ప్రతి ఇంటి ముందూ నీళ్ల డ్రమ్ములు. డ్రమ్ముల్లో దోమపిల్లలు ఒకదాని మీద ఒకటి, ఆదివారం బస్సులో జనంలా. బావ వారం వారం వెళ్లి ఆ పిల్లల్ని సీసాల్లో పట్టుకొచ్చేవాడు. పెరిగి రెక్కలొచ్చాక మైక్రోస్కోపు కింద పెట్టి కొలిచేవాడు. సువా చుట్టుపక్కల మేము కొలిచిన రెక్కలన్నిటిలోకీ పొట్టివి వైతోంగోవే. అది తేలిన రోజు ఆయన పాట పాడలేదు. మైక్రోస్కోపు మీద గుడ్డ కప్పి, టీ కూడా తాగకుండా కిటికీలోంచి మడచెట్ల వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఆ మర్నాటి నుంచీ వైతోంగోలో కొలతలు జోరందుకున్నాయి. ముసలమ్మల్ని కొలిచాడు, చంకన ఉన్న పిల్లల్ని కొలిచాడు, వాగులో పీతలు పడుతున్నవాళ్లని మోకాటి లోతు బురదలోకి దిగి కొలిచాడు. చేమ తోటలో ఒక దిష్టిబొమ్మ ఉండేది. ఎప్పుడో చర్చి సంఘం వాళ్లు పంచిపెట్టిన నిండు చేతుల చొక్కా దానికి తొడిగారు. దాని ముందు చాలాసేపు నిలబడి, "తిలౌ" అని, దాని చెయ్యి కూడా కొలిచాడు.

"బావా, అది మనిషి కాదు."

"తెలుసురా. అయినా చూడు, ఎంత వదులుగా ఉందో. దీనికీ సరిపోలేదు."

పిచ్చి ముదిరిందని నేను ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పాను.

వైతోంగోలో ఆయనకి దొరకని చెయ్యి ఒక్కటే, ఊరి పెద్ద ఇసికేలిది. ఆ ఊళ్లో కొత్తది ఏదైనా ముందు ఇసికేలి ముట్టాలి. మొదటి చేమదుంప ఆయన తినాలి, కొత్త పడవ ఆయన ఎక్కాలి, ఆ తరవాతే మిగతావాళ్లు. తాటిచెట్టంత మనిషి, మాట తక్కువ. ఎప్పుడూ చేతులు కట్టుకుని, అరచేతులు చంకల్లో దోపుకుని ఉంటాడు. చేతులు కట్టుకున్నవాణ్ణి కొలవడం ఎవరి తరం?

"ఆయన చేతులు ఎప్పుడు విప్పుతాడంటావురా?" అని నన్ను అడిగేవాడు బావ, దోమలకి మేత వేస్తూ.

"నిద్రలో విప్పుతాడేమో."

"వాళ్లావిడని కనుక్కున్నా. నిద్రలో కూడా కట్టుకునే ఉంటాడట."

"ఒక్క చెయ్యి లేకపోతే ఏమైంది బావా? ఊరంతా కొలిచావుగా."

"ఆ ఒక్కటీ లేకపోతే ఊరంతా లేనట్టేరా" అన్నాడు. అదేం లెక్కో నాకు అర్థం కాలేదు.

సరిగ్గా అప్పుడే మా తమ్ముడు, వాడి పేరు జోసతెకి, ప్రేమలో పడ్డాడు. పడితే పడ్డాడు, ఎక్కడా చోటు లేనట్టు ఇసికేలి కూతురు అనసేనితో పడ్డాడు. పిల్లకీ ఇష్టమే. ఇసికేలి ఔనంటే చాలు. ఔననిపించాలంటే మేము తంబువా పట్టుకెళ్లాలి. తంబువా అంటే తిమింగలం పన్ను, నూనె పెట్టి నిగనిగలాడేలా చేసి, రెండు కొసలకీ కొబ్బరిపీచు తాడు కట్టినది. దాన్ని ముందు పెట్టి మా తరఫున ఒకరు మాట్లాడాలి. మాటలో బరువుండాలి, తియ్యదనముండాలి. మా నాన్న లేడు. మా పెదనాన్నకి పళ్లూడిపోయి, ఆయన పెళ్లి మాట మాట్లాడితే అవతలివాళ్లకి పంది బేరంలా వినిపిస్తుంది. మిగిలింది అపొరోసా బావ ఒక్కడే. ఆ గొంతు నిజంగా బంగారం.

"అన్నయ్యా, ఆయన మామగారిని కొలిచేస్తాడు" అన్నాడు జోసతెకి, మొహం పాలిపోయి.

"కొలవకుండా నేను చూసుకుంటా."

బయల్దేరే ముందు బావని వెతికాను. జేబులో పట్టెలు దొరికాయి. లుంగీలా చుట్టుకున్న సులు మడతలో ఒకటి. చెవి మీద పూవుకి కాడలా ఒకటి. చివరికి ఆ గుబురు జుట్టులో చెయ్యి పెట్టి, నాలుగుసార్లు తిలౌ అని, దువ్వెనలా గుచ్చుకున్న ఇంకోటి లాగాను.

"పెళ్లి మాటకి పోయేవాణ్ణి జైలుకి పోయేవాడిలా వెతుకుతావేంట్రా?"

"ఒట్టెయ్యి. మొగలాకు పట్టెతో ఇవాళ ఎవర్నీ కొలవనని."

"మొగలాకు పట్టెతో కొలవను" అన్నాడు. ఎంత బుద్ధిగా అన్నాడో.

ఇసికేలి ఇంట్లో కొత్త చాపలు పరిచారు. మేము బాసింపట్లు వేసుకుని ఒక పక్క, ఆయన మనుషులు ఒక పక్క. ఇసికేలి మధ్యలో చేతులు కట్టుకుని. బావ తంబువా రెండు చేతుల్లో ఎత్తి పట్టుకుని మొదలుపెట్టాడు. వాగు గురించి చెప్పాడు, వాగుకి రెండు గట్లుంటాయని చెప్పాడు, ఈ గట్టు పిల్లాడు ఆ గట్టు నీళ్లు తాగి బతకాలనుకుంటున్నాడని చెప్పాడు. ఎదురుగా కూర్చున్న ముసలమ్మలు కళ్లొత్తుకున్నారు. జోసతెకి తనే ఆ పిల్లాడని మర్చిపోయి, పాపం అన్నట్టు తలూపాడు. చివరికి బావ మోకాళ్ల మీద ముందుకి జరిగి తంబువా అందించాడు.

తంబువాని ఒంటి చేత్తో అందుకోకూడదు. ఎంతటి పెద్దయినా రెండు చేతులూ చాచాల్సిందే. ఇసికేలి చంకల్లోంచి అరచేతులు తీశాడు. రెండు చేతులూ ముందుకొచ్చాయి.

బావ కళ్లల్లో వెలుగు చూశాను.

"తిలౌ" అన్నాడు బావ మెత్తగా. తంబువా తాడు ఒక కొస ఊడదీసి, ఇసికేలి భుజం మీద ఆనించి, మణికట్టు దగ్గర తాడుకి ముడి వేశాడు. అక్కడితో ఆగినా బాగుండేది. రెండో చేతికీ ఆనించాడు. ముడి మణికట్టు దాటి వేళ్ల మీదికి పోయింది. "ఓహో" అని, ఇవతలగా ఇంకో ముడి వేశాడు.

అప్పుడు అందరూ చూశారు. ఊరి పెద్ద ఎడమ చెయ్యి కుడిదానికంటే బాగా పొట్టి. కుర్రతనంలో రగ్బీ ఆడుతూ భుజం విరిగిందట. ఎదిగే వయసులో విరిగిన చెయ్యి ఎదగడం అక్కడే మానుకుంది. అన్నేళ్లుగా ఆయన చేతులు కట్టుకుని తిరిగింది అందుకని. ఊళ్లో వాళ్లావిడకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు.

బావ అలవాటు చొప్పున మొహంలోకి చూసి, "చిన్నప్పుడు మీ ఇంట్లో ఎంతమంది?" అని కూడా అడిగాడు.

ఇసికేలి చేతులు మళ్లీ కట్టుకున్నాడు. "మనిషిని కొలిచేది శవపెట్టె చేసేవాడే" అన్నాడు నెమ్మదిగా. "నేనింకా పోలేదు. నేను దోమనీ కాదు. మీ పన్ను మీరు తీసుకెళ్లండి."

పడవెక్కి తిరుగు దారి పట్టాం. గట్టు చేరాక నేను అన్నాను, "ఒట్టేశావు కదయ్యా."

"మొగలాకు పట్టెతో కొలవనన్నాను" అన్నాడు బావ. ముడులున్న తాడుని వేళ్ల మధ్య తిప్పుకుంటూ, "తప్పు చేశాన్రా. అది ఆయన దాచుకున్నదని నాకు తెలీదు. తెలిస్తే ఇంకోలా చేసేవాణ్ణి" అన్నాడు. "కొలిచేవాణ్ణి కాదు" అని మాత్రం అనలేదు.

జోసతెకి తిండి మానేశాడు. కర్రపెండలం ముందు పెడితే గోడ వైపు తిరిగేవాడు. బావ పరామర్శకి వచ్చి, అలవాటుగా చెయ్యి కొలిచి, "పరవాలేదు, ఎదిగినవాడు పస్తున్నా పొడవు తగ్గడు. అదే చిన్నప్పుడైతే ఆలోచించాల్సిందే" అని ధైర్యం చెప్పాడు. వాడు చాప విసిరాడు. బావ చాప తెచ్చి మళ్లీ పరిచి, వాడి పక్కనే కూర్చుని, "నీ పెళ్లి నేనే చెడగొట్టాను, నేనే బాగు చేస్తా. కాస్త కుట్టుపని ఉంది, అది కానీ" అన్నాడు.

"ఏం కుట్టుపని?"

"పంజరం తొడుగులు."

ఆ రోజుల్లో దోమలిల్లు మిషను ఆగలేదు. ఆకాశం కొండల మీదికి దిగుతోంది. వాన మొదలైతే డ్రమ్ముల్లో దోమలు లేస్తాయి, వెనకే డెంగీ వస్తుంది. ఊళ్లో ఎవరికో జ్వరమని అప్పటికే వినిపిస్తోంది. ఆయన మాత్రం మిషను తొక్కుతూనే ఉన్నాడు. దోమలకి మేత నేనే వేశాను. కిక్కిరిసిన పళ్లెంలో చిటికెడు, పలచగా ఉన్నదాంట్లో గుప్పెడు.

మా పద్ధతిలో తప్పు చేసినవాడు తలవంచుకుని, తంబువాతోనే వెళ్లి, క్షమాపణ అడగాలి. అవతలివాడు తంబువాని ముట్టుకుంటే గొడవ పాతిపెట్టినట్టే. ముట్టుకోకపోతే ఇక ఆ గడప తొక్కడానికి లేదు, పెళ్లి మాట మళ్లీ ఎత్తడానికి లేదు. కనక వెళ్లేటప్పుడు జోసతెకి పడవలో తంబువాని ఒళ్లోంచి దించలేదు. బావ నా భుజాల మీద రెండు పెద్ద మూటలు పెట్టాడు.

"ఏమున్నాయి ఇందులో?"

"మొయ్యరా. మేనమామవి."

అదే ఇల్లు, అవే చాపలు. ఇసికేలి చేతులు ఇంకా గట్టిగా కట్టుకుని కూర్చున్నాడు. ఊరు ఊరంతా గుమ్మం బయట నిలబడింది. బావ తల నేలకి వంచి, తంబువా ముందు పెట్టాడు. ఈసారి వాగు లేదు, గట్లు లేవు.

"అయ్యా, మీరు దాచుకున్నదాన్ని నలుగురిలో బయటపెట్టాను. ఆ తప్పు నాది, ఈ పిల్లాడిది కాదు. కొలిచినందుకు మాత్రం కారణం చెప్పుకుంటాను. మీ డ్రమ్ముల్లో దోమలు ఇరుకులో, ఆకలితో పెరుగుతున్నాయి. అలాంటివాటికి వైరస్ తొందరగా అంటుతోందని మా పళ్లాల్లో చూశాం. ఎక్కడి దోమ రెక్క పొట్టిదో, అక్కడి మనుషుల చేతులు కప్పాలి కదండీ. ఆ మధ్య చర్చివాళ్లు మీకు నిండు చేతుల చొక్కాలు పంచారు, అన్నీ ఒకే కొలత. ఏమైంది?"

గుమ్మంలోంచి ఎవరో ముసలమ్మ అంది, "ఏమవుతుంది నాయనా, చుట్టాలొచ్చి కెరెకెరె అన్నారు. ఇచ్చేశాం."

అందరూ నవ్వారు. కెరెకెరె అంటే మాలో కాదనడం ఉండదు. నీ దగ్గరున్నది చుట్టానికి నచ్చి నోరు తెరిచి అడిగితే ఇచ్చెయ్యాలి. ఆ చొక్కాలు ఆదివారానికల్లా పక్క దీవులు చేరాయి. ఊళ్లో మిగిలింది దిష్టిబొమ్మది ఒక్కటే, దాన్ని అడిగే చుట్టం లేక.

"అందుకని" అన్నాడు బావ, "ఎవరి చెయ్యి వాళ్లదే అయ్యేట్టు కుట్టాను. ఇంకొకరికి పట్టదు, ఇంకొకరు అడగరు. ముందే చెబితే కుట్టకముందే అడిగేస్తారని చెప్పలేదు. అందరివీ ఎప్పుడో అయిపోయాయండీ. కానీ ఈ ఊళ్లో కొత్తది ముందు మీ ఒంటిమీదికి రావాలి. మీది లేకుండా వీళ్లెవరూ తొడుక్కోరు. మీ చెయ్యేమో దొరకదు. వానేమో వచ్చేస్తోంది."

మూటలు విప్పాడు. మందారప్పూలు, ఎర్రవి, నీలంవి, చాపంతా పరుచుకున్నాయి. ప్రతి చొక్కా కాలరుకీ ఒక మొగలాకు ముక్క గుచ్చి ఉంది. బయటివాళ్లు మెడలు చాచారు. అనసేని ఒక చిన్న చొక్కా చూసి, అది పక్కింటి పసివాడిదని గుర్తుపట్టి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

నేను చొక్కాల వైపు చూసి, దోమలిల్లులో వాటికీ కళ్లున్నాయన్న మాట నమ్మిన నన్ను నేను తిట్టుకున్నాను.

ఇసికేలి కదల్లేదు. వాళ్లావిడే వచ్చి, మూట అడుగునుంచి పెద్ద నీలం చొక్కా తీసి, ఆయన ఒళ్లో పెట్టింది. "తొడుక్కో. ఊరు కాచుకుని ఉంది" అంది.

ఆయన లేచి నిలబడి తొడుక్కున్నాడు. కుడి చెయ్యి దూర్చాడు, ఎడమ చెయ్యి దూర్చాడు. గుండీలు పెట్టుకున్నాడు. రెండు చేతులూ కిందికి వదిలాడు. వైతోంగోలో పుట్టినవాళ్లెవరూ ఆయన్ని అలా చేతులు వదిలి నిలబడగా చూసి ఉండరు. కుడి పట్టీ కుడి మణికట్టు దగ్గర ఆగింది. ఎడమ పట్టీ ఎడమ మణికట్టు దగ్గర ఆగింది. ఎక్కడా మడత లేదు, వేలాడటం లేదు. ఆయన ఒకసారి ఆ పట్టీ చూసుకుని, ఒకసారి ఈ పట్టీ చూసుకుని, లోపలి కుట్టు తిరగేసి చూశాడు.

"రెండు వరసలు వేశావే."

"పంజరాలకి కుట్టి కుట్టి అలవాటండీ."

"అంటే నన్ను పంజరంలో పెట్టావన్నమాట."

"లేదండీ. పంజరంలో చెయ్యీ లోపలే, దోమా లోపలే. ఇందులో చెయ్యి లోపల, దోమ బయట."

ఇసికేలి పెదవి కాస్త వంకర తిరిగింది. ఆయన నవ్వడం అంతే. కూర్చుని, రెండు చేతులూ చాచి, తంబువా ఎత్తుకున్నాడు. తాడు మీది ముడులు వేలితో తడిమాడు. "వీటిని విప్పకండి" అన్నాడు. తరవాత, ఎవరూ అడక్కుండానే, "మా ఇంట్లో తొమ్మిదిమందిమి. ఒకే పళ్లెం" అన్నాడు.

రాజీ కుదిరిందన్నట్టు, మా పద్ధతిలో అరచేతులు గుల్లగా పట్టి కొట్టే చప్పట్లు మోగాయి. జోసతెకి ఆ పూట కర్రపెండలం ఎంత తిన్నాడో చెబితే మా వంశానికి పరువు తక్కువ.

మిగిలిన గుడ్డతో బావ డ్రమ్ములకి కూడా పూల మూతలు కుట్టిచ్చాడు. ఆ వానాకాలం డెంగీ వచ్చింది, రాకుండా ఎందుకుంటుంది. వైతోంగోలో కూడా ఒకళ్లిద్దరు పడుకుని లేచారు, కానీ భయపడినంత కాలేదు. అందరూ బావని పొగిడితే, "చొక్కాల వల్లో, మూతల వల్లో, ఊరికే అదృష్టం వల్లో. రెండు పళ్లాల్లో పెట్టి చూడకుండా ఎలా చెబుతాను?" అన్నాడు. రెండో పళ్లెంలో ఏ ఊరిని పెడతావని పాస్టరుగారు గాభరాగా అడిగారు.

వానలు తగ్గాక పెళ్లయింది. ఎండ మండిపోతున్నా వైతోంగోవాళ్లంతా నిండు చేతుల మందారాలే. బయటి దీవి నుంచి వచ్చిన ఇసికేలి పెద్దన్నయ్యకి తమ్ముడి చొక్కా మీద మనసైంది.

"తమ్ముడూ, కెరెకెరె. ఆ నీలం చొక్కా నాకు భలే నచ్చింది."

"తీసుకో అన్నయ్యా" అన్నాడు ఇసికేలి, వెంటనే గుండీలు విప్పుతూ. "ముందు ఒకసారి తొడుక్కుని చూడు."

తొడుక్కున్నాడు. కుడి పట్టీ ఆయన అరచెయ్యి సగం మింగేసింది. ఎడమ పట్టీ మణికట్టుకి బెత్తెడు ఇవతలే ఆగిపోయింది. పందిరంతా చూస్తోంది. ఆయన కాసేపు ఆ చెయ్యీ ఈ చెయ్యీ చూసుకుని, గౌరవంగా విప్పి ఇచ్చేశాడు. "ఇది నీదే" అన్నాడు. ఇసికేలి దాన్ని తీరిగ్గా తొడుక్కుని, చేతులు బార్లా చాపి, అందరికీ రెండు వైపులా చూపించాడు. ఒక చెయ్యి పొట్టి అన్న సంగతి ఆ వేళ దీవుల్లో సగం మందికి ఆయనే చెప్పుకున్నాడు.

అప్పుడు చూశాను, బావ నా పక్కన లేడు. యంగోనా గిన్నె అవతల వంగి కూర్చుని, జనం కాళ్ల వైపు చూస్తున్నాడు. సులు కింద, పిక్కల దగ్గర, దోమలు వాలుతున్నాయి. ఆయన చెయ్యి జుట్టులోకి పోతోంది.

"బావా, వద్దు. పెళ్లి పందిరి."

"చేతులు కప్పాంరా. కాళ్ల సంగతో?"

"చేతులు కొలిస్తేనే అంత రభస అయింది. కాళ్లు కొలిస్తే తంతారు."

మా మాట ఇసికేలి విన్నాడు. లేచి, జనంలోంచి నడిచి వచ్చి, బావ ముందు చాప మీద కూర్చుని, సులు మోకాటి దాకా ఎత్తి, కుడి కాలు చాపాడు. ఒక క్షణం ఆలోచించి ఎడమ కాలు కూడా చాపాడు.

"రెండూ కొలువు" అన్నాడు. "అడగడం దేనికని నేనే చెబుతున్నా. ఇవి మాత్రం సమానమే."